ఇల్లు చేరేదాకా పేషెంటే

"అమ్మా, మైలవరం దాటాం, ఇంకెంతో దూరం లేదు" అన్నాను, డ్రైవరుకి వినపడేటట్టు కాస్త గట్టిగా. అమ్మ పలకలేదు. పలకడమనే పని అమ్మకి బెజవాడ ఆస్పత్రి లిఫ్టులోనే అయిపోయింది. ఇంక మా చేతుల్లో లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టరు చెప్పాక, స్ట్రెచరు లిఫ్టులోకి తోస్తున్నప్పుడు అమ్మ నా చూపుడు వేలు పట్టుకునే ఉంది. కింద తలుపులు తెరుచుకునేసరికి నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను, అమ్మ నన్ను పట్టుకుని లేదు, అంతే తేడా. నాజిమ్ అన్నయ్య అమ్మ ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు, నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. అన్నయ్య మొహం ఏడుపుకి సిద్ధమై మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఎదురుగా అంబులెన్సు డ్రైవరు వెనక తలుపు తెరిచి పట్టుకుని, రండి రండి అంటూ నిలబడి ఉన్నాడు. అన్నయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "ఇల్లు చేరేదాకా అమ్మ పేషెంటే. ఏడవకు. ఆ మాట మాత్రం అస్సలు అనకు ఫర్హత్." ఆక్సిజన్ మాస్కు తనే సర్దాడు, దుప్పటి గడ్డం దాకా లాగాడు, నేను ముందెళ్లి ఇంట్లో సంగతి చూస్తానని మోటారుసైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. నేనూ అమ్మా మిగిలాం. సిలిండరు సన్నగా బుసకొడుతోంది, గాలి వస్తూనే ఉంది, తీసుకునేవాళ్లు లేరు.

మా తిరువూరులో ఈ మధ్య ఎవరూ బయట చనిపోవడం లేదు. బెజవాడ తీసుకెళ్లినా ఖమ్మం తీసుకెళ్లినా అందరూ ప్రాణాలతోనే తిరుగు అంబులెన్సు ఎక్కుతున్నారు, ఇంటికొచ్చి తమ మంచం మీద పడుకున్నాకే పోతున్నారు. రేట్ల ఆర్డరు వచ్చినప్పటినుంచీ ఇదే వరస. ఆ ఆర్డరు నా తల మీదే అతికించి ఉంది, కిటికీ పైన, లామినేషన్ చేసి. అక్షరాలు నేను కొట్టినవే, నేను మా మున్సిపల్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. ప్రైవేటు అంబులెన్సులవాళ్లు నోటికొచ్చినంత గుంజుతున్నారని జనం గోల పెడితే ఒక కమిటీ వేశారు, కొత్త మీటింగు హాల్లో కూర్చున్నారు, బల్ల మీద లడ్డూలు, అధ్యక్షుల వారి మెళ్లో దండ. రోగికి కిలోమీటరుకి ఇంత, ఆక్సిజన్ పెడితే ఇంత, ఆగితే ఇంత, అన్నీ చకచకా తేలిపోయాయి. అప్పుడు బండ్ల ఓనర్లలో ఒకాయన లేచి "మరి బాడీ సంగతేంటి సార్?" అన్నాడు. లడ్డూ నోట్లో పెట్టుకున్నవాళ్లు నమలడం ఆపేశారు. "శుభమా అని కొత్త హాల్లో మొదటి మీటింగు పెట్టుకుంటే ఆ మాటెందుకయ్యా? అందరూ బాగుపడి రావాలని కోరుకుందాం" అన్నారు అధ్యక్షుల వారు. అందరూ తలలూపారు. నేను అప్పటికే కొట్టిన ఆ ఒక్క మాటని తీసెయ్యమన్నారు, తర్వాత చూద్దామన్నారు. చావు సంగతి తర్వాత చూద్దామనుకోనివాళ్లు ఎవరున్నారు కనక. ఆర్డరులో మొదటి నుంచి చివరిదాకా రోగి ఉన్నాడు, పోయినవాడు లేడు. అందుకని బతికున్నవాళ్లకి ఆర్డరు ప్రకారం, పోయినవాళ్లకి డ్రైవరు ఇష్టప్రకారం. నెమలి ఊరి వైపు ఒకావిడ మొగుణ్ణి దారిపొడుగునా విసనకర్రతో విసురుతూ తెచ్చుకుందట. ఇంకొకావిడ మందు వేసుకోమని తిడుతూ తెచ్చిందట. ఆఫీసులో టీ తాగుతూ ఇవన్నీ చెప్పుకుని పడీపడీ నవ్వుకున్నాం. ఎంత బాగా నవ్వుకున్నామో ఇప్పుడు గుర్తొస్తుంటే ఆ కప్పులు పట్టుకెళ్లి గోడకేసి కొట్టాలనిపిస్తోంది.

అన్నయ్య పీనాసి కాదు. ఉన్న డబ్బంతా ఆస్పత్రి ఊడ్చేసుకుంది, అంతే. నేనూ సరేనన్నాను. ఏముంది, ఒక గంట, ఒక గంటన్నర, నోరు మూసుకుని కూర్చుంటే అయిపోతుందనుకున్నాను. నోరు మూసుకోవడం కాదు, నోరు ఆపకుండా మాట్లాడాలని బండి కదిలాక గానీ తెలియలేదు. ముందుకీ వెనక్కీ మధ్య అద్దం పలక తీసే ఉంది, పైన చిన్న అద్దంలో డ్రైవరు కళ్లు కనపడుతున్నాయి. మాట్లాడకపోతే ఆ కళ్లు వెనక్కి తిరుగుతున్నాయి. అందుకని కాళ్లు పట్టనా అమ్మా, చలిగా ఉందా అమ్మా, అదిగో చూడు మామిడికాయల లారీలు ఎలా పోతున్నాయో. అమ్మ బతికుండగా ఈ ఆరేడు నెలల్లో నేనిన్ని మాటలు మాట్లాడలేదు. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చేదాన్ని, అన్నం తిన్నావా అంటే తిన్నా అనేది, అంతటితో సరి.

ఆ మాట అనకు అన్నాడు అన్నయ్య. ఆ మాటేంటో మా ఇంట్లో చెప్పక్కర్లేదు. మా అమ్మ రోషన్ బీ చుట్టుపక్కల వీధుల్లో మావాళ్ల ఆడవాళ్లెవరు పోయినా గుసుల్ చేయించేది, అంటే కడపటి స్నానం. కబురొస్తే చేతిలో చపాతీ పిండి ఉన్నా వదిలేసి వెళ్లేది. మిగతావాళ్లు భయంతో బిగుసుకుపోయి నిలబడితే మా అమ్మ పసిపిల్లకి పోసినట్టు పోసేది. చెయ్యెత్తు తల్లీ, అంతే, ఇటు తిరుగు బంగారం, అయిపోయింది అయిపోయింది. వాళ్లకి వినపడుతుందా అమ్మా అని ఒకసారి అడిగాను. "వినపడకేం? వాళ్లకి పోయామని తెలీదే పిచ్చిదానా. మనం చెబితే తెలుసుద్ది. దగ్గరున్నవాళ్లు చెవిలో ఇన్నా లిల్లాహి అనాలి ముందు. అది వినపడ్డాక, ఓహో నా పని అయిందన్నమాట అని కుదురుకుంటారు. చెప్పకపోతే ఇంట్లో పనులన్నీ మిగిలిపోయాయని లేవబోతా ఉంటారు పాపం." మసీదులో హజ్రత్ గారు వింటే కోప్పడతారు, ఇవి కితాబుల్లో ఉన్న మాటలు కావు, అమ్మ సొంత నమ్మకం. కానీ మా వీధిలో అదే చలామణీ. మనం అల్లా వాళ్లం, ఆయన దగ్గరికే తిరిగి పోతాం అనే ఆ మాట దగ్గరున్న మనిషి చెవిలో అన్నాకే మిగతావాళ్లు పైకి అంటారు. ఒకింట్లో ముసలావిడ పోతే, హైదరాబాదు నుంచి కొడుకు వచ్చేదాకా ఆగుదామని ఆ మాట ఎవరూ అనకుండా ఊరుకున్నారట. ఆ రోజు అమ్మ స్నానం చేయించి చెమటలు కక్కుతూ ఇంటికొచ్చింది, ఆవిడ నా మణికట్టు పట్టుకుందే అంది. చనిపోయాక వేళ్లు బిగుసుకుంటాయి కదమ్మా అన్నాను, చదువుకున్నదాన్ని కదా. అమ్మ నా వంక చూసి, చెయ్యి కడుక్కుని, చపాతీలు ఒత్తడానికి కూర్చుంది. మణికట్టు మీద ఎర్రగా కందిన చోటు మర్నాటి దాకా ఉంది.

డ్రైవరు పేరు యేసుబాబు, రెడ్డిగూడెం. ఎ.కొండూరు మీదుగా వెళ్లాల్సినవాడు రెడ్డిగూడెం దారి పట్టాడు, అటు రోడ్డు తవ్వేశారన్నాడు. మామూలు రోజైతే ఏ దారి దగ్గరో, కిలోమీటరు లెక్కన ఎవరికి లాభమో ఒక మాట అనేదాన్ని. ఇవాళ నా నోరు అమ్మకే సరిపోతోంది. "పెద్దమ్మా, పాటలు పెట్టనా? హాయిగా నిద్ర పడుద్ది" అని పెట్టేశాడు. చర్చి పాటలు, నెమ్మదిగా ఉన్నాయి, అమ్మకి ఇష్టమే, కిటికీలోంచి వింటూ ఉండేది. యేసుబాబుకి కూడా నోరు ఊరుకోదు. "పేషెంటయితే పాటలు పెడతానండి. బాడీ అయితే పెట్టను. అసలు అద్దంలోకే చూడను. నవ్వుతారేమో గానీ, ఎనకాల బాడీ ఉంటే బండి బరువెక్కుద్దండి. క్లచ్చి తొక్కితే కాలికి తెలిసిపోద్ది." నేను దుప్పటి అంచు పట్టుకుని, అలాగా అన్నాను. "బాడీకి ఎక్కువడుగుతారని తిడతారండి జనం. తిరిగొచ్చేటప్పుడు మేం ఒక్కళ్లమే రావాలి కదండీ. ఎనకాల ఖాళీగా ఉన్నా, ఖాళీగా ఉండదు." గేరు మార్చాడు. "ఇవాళేంటో మరి, బరువుగానే లాగుతుంది" అన్నాడు. ఎండకేమో అన్నాను. అమ్మా ఎండకే కదమ్మా అని అమ్మని కూడా సాక్ష్యానికి పిలిచాను. అద్దంలో కళ్లు నన్ను దాటి అమ్మ మీదికి వెళ్లి, కాసేపు అక్కడే ఉండి, మళ్లీ రోడ్డు మీదికి వెళ్లాయి.

ఏసీ చల్లగా తగులుతోంది, అయినా నా చంకలు తడిసిపోయాయి. అమ్మ చెయ్యి దుప్పటి కింద పట్టుకునే ఉన్నాను. చల్లబడాలి ఈ పాటికి. నా చేతి వేడే అమ్మ చేతికి ఎక్కుతోంది కాబోలు, నాదేదో అమ్మదేదో తేడా తెలియడం లేదు. దవడ కట్టాలి. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డతో కట్టాలి. కళ్లు మూసే ఉన్నాయి, అన్నయ్య మూశాడు, అదొక్కటీ జరిగింది. ఆలస్యం చేస్తే ఎలా ఉన్న మనిషి అలాగే బిగుసుకుంటుంది, నోరు తెరిచి ఉంటే తెరిచినట్టే, ఏదో చెప్పబోతున్నట్టే ఉండిపోతుంది, చూసినవాళ్లకి రాత్రి నిద్రపట్టదు అనేది అమ్మ. మాస్కు కింద నోరెలా ఉందో నేను చూడలేదు. చూడాలని వంగాను, మాస్కు లోపల ఆవిరి పట్టి ఉంది. ఆవిరి ఎక్కడిది? సిలిండరు సీసాలో నీళ్లుంటాయి, ఆ తేమ అయి ఉంటుంది, అంతే అయి ఉంటుంది. అమ్మా అన్నాను, ఈసారి డ్రైవరుకి వినపడడానికి కాదు.

రెడ్డిగూడెంలో బండి ఆగింది. యేసుబాబు దిగి, వెనక కిటికీ దగ్గరికొచ్చి, "పెద్దమ్మ నోరు ఎండిపోయుంటదండి, మా ఊరి కొబ్బరి నీళ్లు తెస్తానుండండి. వద్దనకండి, మా అమ్మకిప్పిచ్చినట్టే" అని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. మంచివాడు. మంచితనం ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు. పాట ఆగిపోయింది, ఇంజను ఆగిపోయింది, సిలిండరు బుస ఒక్కటే. బయట ఎండలో అతను బొండాలవాడితో మాట్లాడుతున్నాడు, ఇటు వీపు పెట్టి ఉన్నాడు. ఎవరూ వినరు. ఇప్పుడు అనొచ్చు. ఎవరికీ తెలియకుండా అమ్మకొక్కదానికే, చెవిలో, ఒక్క ఊపిరిలో అయిపోతుంది. అమ్మకి తెలిసిపోతుంది, కుదురుకుంటుంది, ఇంక లేవాలని చూడదు. వంగాను. అమ్మ చెవి వెనక ఇంకా కొబ్బరినూనె వాసన. పెదాలు విప్పాను. "దాహమేస్తోందా అమ్మా?" అన్నాను. ఎందుకలా అన్నాను? అడ్డు ఎవరున్నారు? డ్రైవరు లేడు, అన్నయ్య లేడు, రేటు లేదు గీటు లేదు. చిన్నప్పుడు అమ్మ స్నానాలు చేయించి వచ్చేదాకా నేను గుమ్మంలో కూర్చునేదాన్ని. వచ్చాక కూడా నన్ను ముట్టుకునేది కాదు, తలస్నానం చేసొస్తా ఉండు అనేది, తడిజుట్టుతో, కర్పూరం వాసనతో వచ్చి అప్పుడు ఎత్తుకునేది. చావులున్న ఇళ్లన్నిటికీ అమ్మ వెళ్లింది, వెళ్లిన ప్రతిసారీ తిరిగొచ్చింది. నాకు తెలిసిన అమ్మ అంటే అదే. వద్దు, నాకు అనాలని లేదు. అన్నయ్య అనొద్దన్నాడని కాదు, నాకే లేదు. ఈ అబద్ధం ఎంతసేపు సాగితే అంతసేపు నాకు అమ్మ ఉంది.

బొండం తెచ్చి ఇచ్చాడు, ప్లాస్టిక్ చెంచా కూడా అడిగి తెచ్చాడు. తాగించండి, తాగించాకే కదులుతాం అని తలుపు దగ్గరే నిలబడ్డాడు. మాస్కు ఒక పక్క ఎత్తాను. అతనికి అమ్మ మొహం కనపడకుండా నా భుజం అడ్డం పెట్టాను. నోరు కొంచెం తెరిచే ఉంది. ఒక చెంచా పోశాను. పోసి, చెంపకి కారుతుంది కదా తుడుద్దామని కొంగు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. కారలేదు. ఇంకో చెంచా పోశాను. అదీ కారలేదు. ఇంకా ఇంకా పోశాను, దిండు పొడిగానే ఉంది. "తాగుతుందా?" అన్నాడు యేసుబాబు. తాగుతోంది అన్నాను. నా నోటికి ఆ మాట అబద్ధంలా తగల్లేదు.

విస్సన్నపేట దాటాం. సంత రోజో ఏమో జనం, షేర్ ఆటోలు, బండి నెమ్మదించినప్పుడల్లా కిటికీ అద్దంలోంచి ఎవరో ఒకరు తొంగిచూసి పక్కకి తప్పుకోవడం, ఒకామె పిల్లాడి కళ్లు చేత్తో మూయడం. పేషెంటేనమ్మా, పేషెంటే, భయం లేదు అని నాలో నేనే అనుకున్నాను. ఊరు దాటాక రోడ్డు ఉత్తరానికి తిరిగింది. అప్పుడు గమనించాను. అమ్మ తల ముందుకి, అంటే ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి, కుడిచెయ్యి పడమటికి. ఖబరు గోతిలో ఎలా పడుకోబెడతారో అలాగే ఉంది. ఇంక మొహం పడమటికి, మక్కా వైపుకి తిప్పడమే మిగిలింది. అనుకుంటూ ఉండగానే గుంతలో చక్రం పడి బండి ఊగింది, అమ్మ మొహం కుడివైపుకి ఒరిగింది. నేను మళ్లీ తల నిలబెట్టాను, ఇటు చూడమ్మా, నన్ను చూడు అన్నాను. గుంతలేమీ లేవు, అయినా కాసేపటికి మళ్లీ ఒరిగింది. మళ్లీ నిలబెట్టాను. ఇలా ఎన్నిసార్లో. అమ్మ పడమటికీ నేను నా వైపుకీ, ఇద్దరం మొండివాళ్లమే, ఆ మొండితనం అమ్మ దగ్గర నేర్చుకున్నదే. చివరికి రెండు చేతుల్తో చెంపలు పట్టుకుని కూర్చున్నాను.

తిరువూరు ఇంకాసేపట్లో వస్తుందనగా రోడ్డు మీద అడ్డంగా డ్రమ్ములు, గొడుగు కింద జ్ఞానమణి గారు. జ్ఞానమణి గారు మా ఆఫీసే, హెల్త్ చూస్తారు, అంబులెన్సులు ఆపి రేట్లు తనిఖీ చేసే పని ఆవిడది. వెంట వచ్చినవాళ్లు డ్రైవరుకి జడిసి ఎక్కువ తీసుకోలేదని అబద్ధం చెబుతున్నారని, రోగిని స్వయంగా అడగాలనే రూలు పెట్టించింది కూడా ఆవిడే. ఫోనులో పది సెకన్ల వీడియో తియ్యాలి, రోగి తన నోటితో చెప్పాలి, అది యాప్‌లో ఎక్కాలి. మంచి రూలని నేనే మెచ్చుకున్నాను. తలుపు తెరిచి నన్ను చూసి ఆవిడ మొహం వెలిగింది. "ఫర్హత్, నువ్వా! అమ్మ ఎలా ఉన్నారు?" బాగానే ఉందండి అన్నాను. "ఒక్క నిమిషమేనమ్మా, నీకు తెలుసు కదా" అని ఫోను అమ్మ మీదికి తిప్పి, వంగి, చాలా మర్యాదగా, "అమ్మా రోషన్ బీ గారూ, డ్రైవరు ఎక్కువేమన్నా అడిగాడా?" అంది. అడిగి ఊరుకుంది. పక్కనే యేసుబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. రెడ్డిగూడెంలో మూసే ఉన్నాయి.

"లేదు తల్లీ. మంచి పిల్లోడు. కొబ్బరినీళ్లు కూడా పోయించాడు."

ఆ మాట నా గొంతులోంచే వచ్చింది. నాకు తెలుసు, నా నాలుకే కదిలింది, పళ్ల మధ్యలోంచి నేనే అన్నాను. కానీ అనాలని నేను అనుకోలేదు, ఆ గొంతు నాది కాదు. నాకు మిమిక్రీ రాదు. తల్లీ అన్నప్పుడు వచ్చే ఆ చిన్న దగ్గు అమ్మది, ఏళ్ల తరబడి పొయ్యి పొగ పీల్చితే వచ్చిన దగ్గు. జ్ఞానమణి గారు మాస్కు వంకే చూస్తోంది, నా వంక చూడటం లేదు. "ఎంత స్పష్టంగా మాట్లాడుతున్నారో! తగ్గిపోతుందిలే ఫర్హత్, దిగులు పడకు" అని నా భుజం తట్టింది. ఫోను టింగ్ మంది. ఎక్కింది అంది. మా అమ్మ బతికే ఉందని ఆ క్షణాన మా ఆఫీసు ఒప్పుకుంది, రేపు నేను వెళ్లి కూర్చునే కంప్యూటరులో అమ్మ మాట్లాడుతూ ఉంటుంది. తలుపు వేసేటప్పుడు యేసుబాబు చూపు నా పెదాల మీద పడింది. ముందుకెళ్లి కూర్చుని బండి తీశాడు. పాట పెట్టలేదు. పైన ఉన్న చిన్న అద్దాన్ని చేత్తో పట్టుకుని, మెల్లగా కప్పు వైపుకి తిప్పేశాడు.

ఇంక నేను మాట్లాడక్కర్లేదు. అతనికి తెలిసిపోయింది, అయినా బండి ఆపలేదు, రేటు గురించి ఒక్క మాట అనలేదు. మాట్లాడక్కర్లేదు కదా అని ఊరుకోలేకపోయాను. అమ్మా మన ఊరొచ్చింది, అమ్మా కూరగాయల బజారు, అమ్మా నీ కళ్లజోడు బాగుచేయించిన షాపు, అమ్మా లేస్తావా, కూర్చుంటావా. ముందు సీట్లో యేసుబాబు మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నాకు వెనక నుంచి కనపడుతూనే ఉంది. నాకు మాత్రం భయం లేదు. అమ్మ దగ్గర భయమేంటి?

మా సందు మొదట్లో బండి తిరిగింది. సందు నిండా ఆడవాళ్లు. అరుగుల మీద, గుమ్మాల్లో, మెట్ల మీద, అందరూ కొంగులు నోట్లో కుక్కుకుని, కళ్లు ఎర్రగా, కిక్కురుమనకుండా కూర్చుని ఉన్నారు. అన్నయ్య చెప్పి ఉంచాడు, బండి వెళ్లిపోయేదాకా ఎవరూ ఏడవొద్దని. ఏడుపంతా లోపల పట్టి ఉంచుకుంటే మనుషుల మొహాలు ఎలా అవుతాయో నేను ఇంతకుముందు చూడలేదు. షహనా వదిన అయితే నా వంక చూసి నవ్వడానికి ప్రయత్నించింది. పరదా వెనక నీళ్లు కాగుతున్న చప్పుడు, కర్పూరం వాసన. నన్ను నమ్ముకునే కాచారు ఆ నీళ్లు, గుసుల్ నాకు సగమే నేర్పింది అమ్మ, మిగతా సగం తర్వాత చెబుతాలే అంది. అన్నయ్యా యేసుబాబూ కలిసి అమ్మని లోపల మంచం మీదికి చేర్చారు. మాస్కు బండిది కదా, యేసుబాబే విప్పాడు. అతని వేళ్లు అమ్మ చెంపకి తగిలి అక్కడే ఆగాయి, తర్వాత నెమ్మదిగా రబ్బరు తాడు చెవుల మీంచి తీశాడు. అమ్మ పెదాలు తడిగా ఉన్నాయి. "వెళ్లొస్తా పెద్దమ్మా" అన్నాడు, చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. సందులో అంతమందీ ఆ బండి రివర్సు అవడం చూస్తూ కూర్చున్నారు. మలుపు తిరిగింది. హారన్ కొట్టలేదు. ఇంజను చప్పుడు పూర్తిగా తగ్గేదాకా అన్నయ్య గుమ్మంలో చెయ్యి ఎత్తి పట్టుకుని నిలబడి, అప్పుడు దించాడు.

ఒక్కసారిగా సందంతా భోరుమంది. అన్నయ్య అక్కడే గడప మీద కూలబడి, ఎక్కిళ్లు పెట్టి, చిన్నపిల్లాడైపోయాడు. అమ్మ చెల్లెలు, మా ఖాలా, ఆడవాళ్లని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇంక అనవే తల్లీ. దగ్గరున్నదానివి నువ్వే. నువ్వంటేనే మేం అంటాం. పాపం ఎంతసేపట్నించి తెలీకుండా ఉందో మా అక్క, చెవిలో చెప్పెయ్యి" అని ఏడుస్తూ నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టింది. వదిన దవడ కట్టడానికి గుడ్డ మడత పెట్టి పట్టుకుంది. నేను వంగాను. చెవి దగ్గర నోరు పెట్టాను. ఆ మాట నాకు వచ్చు, పాలు తాగే వయసు నుంచి వింటున్న మాట, గొంతులో ఉంది, నాలుక మీదికి కూడా వచ్చింది. ఎదురుచూపులో ఆడవాళ్ల ఏడుపు కొంచెం తగ్గింది.

"ఇల్లొచ్చింది, లేస్తావా అమ్మా?" అన్నాను.

ఏడుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఎవరూ నన్ను కోప్పడలేదు. ఖాలా నా చెయ్యి వదిలేసింది, వదిన గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, గడప మీద అన్నయ్య తల ఎత్తాడు. అందరం అమ్మ ఏమంటుందోనని ఆ పెదాల వంకే చూస్తున్నాం.